నీలం దీపం మిణుకుతూనే ఉంది, అమ్మ పాటలు అందులోనే ఉన్నాయి

రాజమహేంద్రవరం నుంచి నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరు గారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఉత్తరంలోని ముఖ్య విషయాలు ఇవి.

ఆయన 2013లో రెండు హార్డ్ డిస్కులు పట్టే నాస్ పెట్టె (ఫైళ్ళు దాచి, ఇంటి నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్లకు అందించే పరికరం) ఒకటి కొని, అందులో 3 టెరాబైట్ల డిస్కులు రెండు వేసి, ఒకదానిలో ఉన్నదంతా రెండోదానిలోనూ ఉండేలా రెయిడ్ 1 పద్ధతిలో అమర్చుకున్నారు. పిల్లల పెళ్ళి వీడియోలు, పదేళ్ళ ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు అందులోనే ఉన్నాయి. అన్నిటికంటె ముఖ్యంగా, కాలం చేసిన వాళ్ళ అమ్మగారు పాడిన తిరగలి పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, లాలి పాటలు 40 క్యాసెట్ల నిండా ఉండేవి. 2014 వేసవి అంతా కూర్చుని, టేప్ రికార్డరును కంప్యూటరుకు తగిలించి, ఒక్కొక్క క్యాసెట్టునూ మొదటి నుంచి చివరి దాకా వింటూ ఆయనే ఎక్కించారు. బూజు పట్టిన క్యాసెట్లను ఆ తరువాత ఇల్లు మారేటప్పుడు పాత సామాన్లవాడికి వేసేశారు. అక్కయ్యకు, చెల్లెలికి మాత్రం "నా దగ్గర భద్రంగా ఉన్నాయి, మీరు దిగులు పెట్టుకోకండి" అని మాట ఇచ్చారు.

గత నెల ఈదురుగాలి వాన వచ్చిన రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మరునాటి నుంచి ఆ పెట్టె లేవడం లేదు. ఫ్యాన్ తిరుగుతుంది, నీలం దీపం ఆగకుండా మిణుకుతుంది, ఎప్పుడూ వినిపించే బీప్ రాదు, కంప్యూటరులో దాని పేజీ తెరుచుకోదు. అంతకు ముందు రెండు నెలలుగా అది దానంతట అదే ఆగిపోయి మళ్ళీ మొదలవుతూ ఉండేదట. ఒక ఆదివారం అయిదారుసార్లు స్విచ్ వేసి తీశాక ఎలాగో లేచి రెండు గంటలు నడిచింది. ఎన్నాళ్ళుగానో అడుగుతున్న అప్‌డేట్ ఎక్కిస్తే నయమవుతుందేమోనని ఆ రెండు గంటల్లో ఆయన అది నొక్కారు, అది సగంలో ఉండగా పెట్టె ఆగిపోయింది. అడాప్టరును మల్టీమీటరుతో చూస్తే 12.1 వోల్టులు చూపించింది కాబట్టి అది బాగానే ఉందని తేల్చుకున్నారు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు, అదే కంపెనీ కొత్త పెట్టె కొని ఈ డిస్కులు అందులో పెడదామంటున్నాడు. కొడుకు స్నేహితుడు ఇది ప్రాసెసర్‌లో ఉన్న లోపమనీ, చిన్న రెసిస్టర్ టంకం వేస్తే లేస్తుందనీ చెప్పాడు. ఊళ్ళోని కంప్యూటర్ షాపులో "వదిలి వెళ్ళండి, డిస్కులు ఫార్మాట్ చేసి పెట్టెను లేపి ఇస్తాం" అన్నారు. భార్య మాత్రం, ముందు ఆడపడుచులకు విషయం చెప్పమంటున్నారు. వచ్చే శ్రావణంలో అక్కయ్య మనవరాలి పెళ్ళి. అప్పగింతల పాట పంపమని ఆవిడ ఫోన్ చేస్తుంటే పది రోజులుగా ఆయన ఎత్తడం లేదు. పెట్టె బాగవుతుందా, పాటలు ఉన్నాయా పోయాయా, తోబుట్టువులకు ఏమని చెప్పాలి అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు.

సమాధానం:

నమస్కారం. ఈ జవాబు పూర్తిగా చదవకముందే మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ పెట్టె ప్లగ్గును గోడ నుంచి తీసివేయండి. స్విచ్ వేసి తీసిన ప్రతిసారీ, పన్నెండేళ్ళు తిరిగిన ఆ డిస్కులు నిలిచిన చోటి నుంచి మళ్ళీ వేగం అందుకోవలసి వస్తుంది. పాత డిస్కుకు అన్నిటికంటె కష్టమైన క్షణం అదే. పైగా, సగంలో ఆగిన అప్‌డేట్ ఉన్న యంత్రం లేచిన ప్రతిసారీ డిస్కుల మీద ఏదో ఒకటి రాయడానికి చూస్తుంది. అది ఏం రాస్తుందో మనకు కనిపించదు. ఇంకొక్కసారి వేసి చూద్దామనే ఆశ ఎంత బలమైనదో నాకు తెలుసు, అయినా ఇక వేయకండి.

మీ ఉత్తరంలో ఆరు పేజీలలోనూ "నాస్ పోయింది" అన్న మాటే పదే పదే వచ్చింది. మీ దిగులులో చాలా భాగం ఆ మాటలోనే ఉందని నాకు అనిపిస్తోంది. పెట్టె వేరు, డిస్కులు వేరు. పాటలు పెట్టెలో లేవు, డిస్కులలో ఉన్నాయి. మీరు రాసిన లక్షణాలలో పెట్టె లేవడం లేదనడానికి ఆధారాలు ఎన్నో ఉన్నాయి, డిస్కులు పాడయ్యాయనడానికి మాత్రం ఒక్కటీ లేదు. డిస్కు చెడినప్పుడు వచ్చే టక్ టక్ మనే చప్పుడు వస్తోందని మీరు ఎక్కడా రాయలేదు. తాళం పాడైన బీరువాలో నగలు ఉన్నట్టే పాటలు ఇప్పటికీ అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. అందరూ మీకు చెబుతున్న సలహాలలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, కొత్త పెట్టె కొందామన్నా, టంకం వేద్దామన్నా, ఫార్మాట్ చేద్దామన్నా, అన్నీ బీరువాను బాగుచేసే మార్గాలే. నగలను బయటికి తీసి పక్కన పెట్టాక బీరువా సంగతి నింపాదిగా చూసుకోవచ్చు.

ఇక పెట్టె ఎందుకు లేవడం లేదో చూద్దాం. మీరు ఇంజినీరు కాబట్టి కారణం తెలియకుండా ఏ పనీ చేయాలనిపించదు. నాకు మొదటి అనుమానం అడాప్టర్ మీదనే. మీరు చూసిన 12.1 వోల్టులు బరువు (లోడు) లేనప్పటి లెక్క. గేటు మూసి ఉన్నప్పుడు చెరువు మట్టం చూసి, గేటు ఎత్తాక తూములో ఎంత నీరు పారుతుందో చెప్పలేమని మీకు నేను చెప్పనక్కరలేదు. మీ రకం పెట్టెలకు ఇచ్చే అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులు, 5 లేక 6 ఆంపియర్లవి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే కొద్ది క్షణాలలో ఒక్కొక్కటీ దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, ఆ తరువాత అందులో నాలుగో వంతుతో సరిపెట్టుకుంటుంది. అడాప్టర్ లోపలి ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు వేసుకునే లెక్క ఒకటి ఉంది. టీవీ స్టాండు అరలో, తలుపు మూసి, గోదావరి జిల్లా ఎండలలో పన్నెండు వేసవులు గడిపిన అడాప్టర్ అది. రెండు డిస్కులు ఒక్కసారి కదలబోయేసరికి వోల్టేజీ జారిపోతుంది, యంత్రం మొదటికి వస్తుంది. మీరు రాసిన రెండు విషయాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి. ఒకటి, వాన రాత్రికి రెండు నెలల ముందు నుంచే అది తనంతట తాను ఆగి మొదలవడం. రెండోది, అయిదారుసార్లు స్విచ్ వేసి తీశాక లేవడం. ఎండిన కెపాసిటర్లు కాస్త వేడెక్కితే కొంతసేపు పనిచేస్తాయి.

దీన్ని తేల్చుకోవడానికి కారు ఇండికేటర్లలో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బులు రెండు తెచ్చి అడాప్టరుకు సమాంతరంగా (ప్యారలల్‌లో) కలపండి. రెండూ కలిసి మూడున్నర ఆంపియర్లు తీసుకుంటాయి. అవి వెలుగుతుండగా అడాప్టర్ కొసన మల్టీమీటర్ పెట్టి అయిదు నిమిషాలు చూడండి. ముల్లు, లేదా అంకె, 11.4 కంటె కిందికి జారినా, ఊగిసలాడినా అడాప్టర్ పని అయిపోయినట్టే. బల్బులు బాగా కాలుతాయి కాబట్టి పింగాణీ పళ్ళెంలో పెట్టుకోండి. కొత్తది కొనేటప్పుడు వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేక ఎక్కువ ఉండాలి, పిన్ను లావు, మధ్యలో ప్లస్ ఉన్న గుర్తు పాతదానితో సరిపోవాలి. చీటీ మీద 6 ఆంపియర్లని రాసి ఉండి, లోపల అందులో సగం కూడా ఇవ్వనివి బజారులో చాలా దొరుకుతాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నదే తీసుకోండి.

డిస్కులు తీసేసి ఖాళీ పెట్టెను ఒకసారి వేసి చూడడం కూడా మంచి పరీక్షే. అయితే దాని ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఖాళీగా ఉన్నప్పుడు అది బీప్ ఇచ్చి లేస్తే, మదర్‌బోర్డు బతికి ఉందని అర్థం. అంతమాత్రాన తప్పు డిస్కులదని అనుకోకూడదు, ఎందుకంటే డిస్కులు లేనప్పుడు నీరసించిన అడాప్టర్ కూడా ఆ కాస్త బరువు మోయగలదు. ఖాళీగా ఉన్నా, మంచి అడాప్టర్ పెట్టినా దీపం మిణుకుతూనే ఉంటే అప్పుడు బోర్డును అనుమానించాలి. లోపల నాణెంలాంటి బ్యాటరీ ఉంటే మార్చడం, విప్పదగిన ర్యామ్ ఉంటే తీసి, కాంటాక్టులు తుడిచి మళ్ళీ పెట్టడం మీరు చేయగలిగినవే. అంతకు మించి పన్నెండేళ్ళ బోర్డు మీద డబ్బు పెట్టవద్దని నా సలహా.

మీ అబ్బాయి స్నేహితుడు చెప్పింది కట్టుకథ కాదు. ఇంటెల్ ఆటమ్ సీ2000 వరుస ప్రాసెసర్లలో ఒక క్లాక్ సంకేతం ఏళ్ళు గడిచాక ఆగిపోయి యంత్రం లేవకుండా పోవచ్చని 2017 ఆరంభంలో ఆ సంస్థే తన పత్రాలలో ప్రకటించింది. ఆ ప్రాసెసర్ ఉన్న కొన్ని బోర్డుల మీద రెసిస్టర్ టంకం వేసి లేపినవారు ఉన్నారు. అయితే మీరు రాసిన మోడల్‌లో ఉన్నది ఆ ప్రాసెసర్ కాదు, ఏఆర్ఎమ్ రకానిది. ఆ జబ్బు మీ పెట్టెకు లేదు, ఆ మందూ అక్కరలేదు.

సగంలో ఆగిన అప్‌డేట్ గురించి మీరు మిమ్మల్ని ఎంతగానో నిందించుకున్నారు. అక్కడ ఒక ఊరట ఉంది. ఇటువంటి పెట్టెలలో నడిపించే సాఫ్ట్‌వేర్ చాలావరకు డిస్కుల మొదట్లో కొద్ది గిగాబైట్ల విడి భాగంలో ఉంటుంది, మీ ఫైళ్ళు వేరే పెద్ద భాగంలో ఉంటాయి. అప్‌డేట్ చెయ్యి వేసేది మొదటి భాగం మీద. దానికి దెబ్బ తగిలినా పాటలున్న భాగానికి తగలాలని లేదు. కానీ దీనివల్ల ఒక ప్రమాదం పొంచి ఉంది. కొత్త అడాప్టర్ పెట్టి అవే డిస్కులతో లేపితే, ఆ పెట్టె "సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలి" అని ఒక పేజీ చూపవచ్చు. ఆ పేజీలో ఫైళ్ళను అట్టేపెట్టే మార్గమూ ఉంటుంది, అన్నీ చెరిపేసే మార్గమూ ఉంటుంది, రెండింటి మాటలూ ఒకేలా కనిపిస్తాయి. రాత్రి పదకొండు గంటలకు అలసిపోయి, ఆదుర్దాతో కూర్చున్న మనిషి ముందు ఆ పేజీ రాకూడదు. అందుకే ఆ డిస్కులను పెట్టెలో ఉంచి లేపే పని, వాటిలోనిది మరోచోటికి చేరిన తరువాతనే చేయాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ ముందున్న మార్గాలను ఒక్కొక్కటిగా చూద్దాం. కొత్త అడాప్టర్ తెచ్చి, డిస్కులు తీయకుండానే లేపి, నెట్‌వర్క్ మీదుగా కాపీ చేసుకోవడం అన్నిటికంటె తేలిక, ఖర్చూ తక్కువ. లేస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. లేచినా లేవకపోయినా ఇప్పుడు చెప్పిన ప్రమాదం మాత్రం ఉంటుంది, మధ్యలో ఆగితే మరో దెబ్బ తగులుతుంది. మీ అబ్బాయి చెప్పినట్టు అదే కంపెనీ కొత్త పెట్టె కొంటే, చాలా కంపెనీల కొత్త మోడళ్ళు తమ పాత డిస్కులను గుర్తుపట్టి యథాతథంగా తీసుకుంటాయన్నది నిజమే. కానీ అది పాత డిస్కుల మీద తన కొత్త సాఫ్ట్‌వేర్ రాసుకునే తీసుకుంటుంది. మరో కంపెనీ పెట్టె అయితే మొదటి మాటే చెరిపేస్తాననడం. పైగా, ఈ తరగతి డిస్కులకు అప్పట్లో ఇచ్చిన వారంటీ సాధారణంగా మూడేళ్ళు. మీవి ఆగకుండా తిరిగాయనుకుంటే పన్నెండేళ్ళలో 1,05,000 గంటలు దాటాయి. వాటిని కొత్త పెట్టెలో పెట్టి మళ్ళీ కాపలా పని అప్పగించడం సబబు కాదు. షాపువారి మార్గం గురించి ఒక్క మాట చాలు. ఫార్మాట్ అంటే పెట్టె లేస్తుంది, పాటలు పోతాయి. వారికి దురుద్దేశం ఉండి అలా అనలేదు. పెట్టె లేవడమే మీకు కావలసిందని అనుకున్నారు.

నేను మీ స్థానంలో ఉంటే ఎంచుకునేది, డిస్కును బయటికి తీసి నేరుగా ఒక కంప్యూటరుకు తగిలించి చదవడం. రెయిడ్ 1 అంటే రెండూ ఒకే ప్రతి కాబట్టి ఒక్క డిస్కు చాలు. రెండోదాన్ని ముట్టుకోకుండా దాచుకోవచ్చు. ఒకదానితో పొరపాటు జరిగినా ఇంకొకటి మిగులుతుంది. ఇంతటి వెసులుబాటు మీకు ఉన్నందుకు 2013లో రెండు డిస్కులు వేసిన మీ ముందుచూపుకే ధన్యవాదాలు చెప్పుకోవాలి.

పెట్టెకు కరెంటు తీసేసి ఉన్నప్పుడే డిస్కులు లాగండి. లాగకముందే ఫోటో తీసి, పర్మనెంట్ మార్కరుతో ఏ అర నుంచి ఏది తీశారో 1, 2 అని రాయండి. డిస్కును అంచులు పట్టుకుని తీయాలి, కింది వైపు కనిపించే పచ్చటి బోర్డును తాకకూడదు. ఎక్కడికైనా తీసుకువెళ్ళవలసి వస్తే మెత్తటి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళండి, బస్సు డిక్కీలో వేయవద్దు. తగిలించడానికి 12 వోల్టుల సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ డాక్ (విడి డిస్కును కంప్యూటరుకు కలిపే పీఠం) కావాలి. ల్యాప్‌టాప్ డిస్కులకు వాడే సన్నటి కేబుల్ ఈ పెద్ద డిస్కును తిప్పలేదు. డాక్ 3 టెరాబైట్లకు పనిచేస్తుందో లేదో అడిగి తీసుకోండి, ఎందుకంటే పాత డాక్‌లు కొన్ని రెండు టెరాబైట్ల పైచిలుకుకు మించి చూడలేవు. మరికొన్ని పెద్ద డిస్కును తమ సొంత లెక్కలో చూపిస్తాయి, దాంతో నిండుగా ఉన్న డిస్కు కూడా ఖాళీగా కనబడుతుంది. డాక్‌లో ఖాళీ అని కనబడితే గుండె జారిపోనివ్వకండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ లోపల హార్డ్ డిస్కులు కలిపే సాటా పోర్టుకు నేరుగా తగిలించి మళ్ళీ చూడండి.

అన్నిటికంటె జాగ్రత్త అవసరమైనది ఇక్కడ. ఆ డిస్కును విండోస్ కంప్యూటరుకు పెట్టిన మరుక్షణం, "ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని కానీ, "ఇనిషియలైజ్ చేయాలి" అని కానీ ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మీ పెట్టెలో నడిచేది విండోస్ కాదు, లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్, ఆ పద్ధతిలో రాసిన డిస్కును విండోస్ చదవలేదు, చదవలేనిదాన్ని ఖాళీ అనుకుంటుంది. ఆ కిటికీలో కుడివైపు ఉన్న క్యాన్సిల్ తప్ప మరేదీ నొక్కకూడదు. అసలు ఆ కిటికీ కనిపించకుండా, కంప్యూటరును లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఉన్న పెన్ డ్రైవ్ నుంచి "ట్రై ఉబుంటు" అని లేపి, ఆ తరువాతనే డిస్కు తగిలించడం మేలు. ఇక్కడి నుంచి మీ అబ్బాయిని ఒక శని, ఆదివారాలు రమ్మనండి. ఎమ్‌డీఏడీఎమ్, ఎల్‌వీఎమ్2 అనే పనిముట్లు ఎక్కించుకుని, జంటలో ఒక్క డిస్కే ఉన్నా నడవమనీ, చదవడానికి మాత్రమే తెరవమనీ, ఒక్క అక్షరం కూడా రాయవద్దనీ చెప్పి తెరవాలి. సాఫ్ట్‌వేర్ తెలిసినవాడికి ఈ మాటలు చాలు, వివరం తనే చూసుకోగలడు.

ఫైళ్ళు తెరవకముందు డిస్కు ఆరోగ్యం చూడండి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో 5, 197, 198 అనే వరుసలు ఉంటాయి. మూడింటి ఎదుటా అసలు విలువ సున్నా ఉంటే నిశ్చింతగా కాపీ మొదలుపెట్టండి. 197 ఎదుట అంకె ఉంటే, చదవలేకపోతున్న చోట్లు ఉన్నాయని అర్థం. అప్పుడు దాన్ని ఆపేసి రెండో డిస్కును చూడండి, అది బాగుండవచ్చు. రెండూ అలాగే ఉంటే, ముందు డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో మొత్తం డిస్కును 4 టెరాబైట్ల కొత్త డిస్కు మీదికి అచ్చు దించి, ఆ అచ్చు నుంచే ఫైళ్ళు తీయాలి. డిస్కు టక్ టక్ మన్నా, తిరగకపోయినా ఇంట్లో చేసేది ఏమీ లేదు, ఆ క్షణమే కరెంటు తీసేయాలి. అక్కడి నుంచి డేటా రికవరీ ప్రయోగశాలకు వెళ్ళవలసిందే. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఫైళ్ళు దొరకకపోతే ఏమైనా తీసుకుంటారా, ముందుగా డిస్కు అచ్చు దించి దానిమీదనే పనిచేస్తారా అని రాతపూర్వకంగా అడిగాకే ఇవ్వండి. ఒక డిస్కు వారికి ఇచ్చినప్పుడు రెండోది ఇంట్లోనే ఉంచుకోండి.

పని అయ్యాక ఆ పెట్టెను ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న కాదు. అడాప్టర్ మార్చితే లేచి, కొత్త డిస్కులతో పనిచేస్తే, ఇంట్లో ఒక అదనపు ప్రతి దాచుకోవడానికి వాడవచ్చు. బయటి ఇంటర్నెట్ నుంచి దాన్ని చేరే దారి మాత్రం మూసివేయండి. అప్‌డేట్లు ఆగిపోయిన ఇలాంటి పెట్టెలకు ఏమవుతుందో 2021 జూన్‌లో లోకం చూసింది. వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పరికరాలకు 2015 తరువాత అప్‌డేట్లు లేవు. వాటిలో ఎన్నో దూరం నుంచి ఎవరో పంపిన ఆజ్ఞతో ఒక్క రోజులో ఖాళీ అయ్యాయి. వాటిని వెంటనే ఇంటర్నెట్ నుంచి విడదీయమని ఆ సంస్థే చెప్పవలసి వచ్చింది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, వెనక వైపు ఉన్న మీటను యూపీఎస్ స్థానంలో ఉంచండి. రెండో స్థానంలో ఉంటే కరెంటు మారే క్షణంలో విరామం ఎక్కువై ఇలాంటి పరికరాలు ఆగిపోతాయి.

ఇక మీ అక్కయ్యగారి ఫోన్. ఈ భాగం రాయడానికే నేను ఎక్కువ ఆలోచించాను. క్యాసెట్లు పారవేసినందుకు మీరు రాసుకున్న మాటలు చదువుతుంటే మనసు కలుక్కుమంది. బూజు పట్టిన క్యాసెట్ టేపు, టేప్ రికార్డరు హెడ్‌కు అంటుకుని తెగిపోతుంది. మీరు 2014లో ఎక్కించకపోయి ఉంటే ఇప్పుడు దిగులుపడడానికి కూడా ఏమీ మిగిలేది కాదు. పొరపాటు జరిగింది క్యాసెట్లు పారవేసినప్పుడు కాదు, ఉన్న ఒక్క చోటును రెండు చోట్లుగా అనుకున్నప్పుడు. రెండు డిస్కులు ఒకే పెట్టెలో, ఒకే అడాప్టర్ మీద, ఒకే పైకప్పు కింద ఉన్నంతకాలం అది ఒక్క ప్రతే. చాలామంది చదువుకున్నవారు చేసే పొరపాటు ఇది.

పాటలు చేతికి వచ్చాకే చెబుతానంటే, అవి వస్తే మీకు ఇబ్బంది ఉండదు, రాకపోతే నెల రోజులు దాచిపెట్టిన సంగతి కూడా కలిపి చెప్పుకోవలసి వస్తుంది. ఆ రెండోదే వారిని ఎక్కువ బాధపెడుతుంది. అసలు చెప్పకుండా ఉండడం కుదరదు, శ్రావణం దగ్గరపడుతోంది. ఇప్పుడే చెబితే ఆవిడ ఏడుస్తారేమో, కోప్పడతారేమో, అది మీరు భరించవలసిందే. కానీ ఇప్పుడే చెప్పడంలో మీరు గమనించని ప్రయోజనం ఒకటి ఉంది. ఆ రోజులలో ఒక క్యాసెట్టు నుంచి ఇంకొక దానికి దింపి తోబుట్టువులకు పంచుకోవడం ఇంటింటా జరిగేది. మీ అక్కయ్యగారి పెట్టెల్లోనో, చెల్లెలుగారి అటక మీదనో ఒకటి రెండు మిగిలి ఉన్నాయేమో అడిగితేనే తెలుస్తుంది. ఇల్లు సర్దుకుంటూ వారు కూడా బూజు పట్టినవని పారవేయకముందే అడగాలి. కాబట్టి నా మొగ్గు మీ ఇల్లాలు చెప్పిన వైపే ఉంది. "పెట్టె చెడింది, డిస్కులు బాగానే ఉన్నట్టున్నాయి, అబ్బాయి వచ్చి తీస్తాడు, నీ దగ్గర పాత క్యాసెట్లు ఏమైనా ఉంటే పారేయకు" అని చెబితే అందులో అబద్ధమూ లేదు, అనవసరమైన భయమూ లేదు.

కాపీ చేసేటప్పుడు ఫోల్డర్లు ఉన్న వరుసలో వెళ్ళకండి. మళ్ళీ దొరకనివి ముందు, దొరికేవి తరువాత. క్యాసెట్టుకు ఒక గంట చొప్పున 40 గంటల పాటలు మీరు వేవ్ ఫైళ్ళుగా, సీడీ నాణ్యతతో ఎక్కించానని రాశారు. ఆ నాణ్యతలో నిమిషానికి పదిన్నర మెగాబైట్లు, గంటకు 635 మెగాబైట్లు, మొత్తం కలిపి దాదాపు 25 గిగాబైట్లు. ఆరోగ్యంగా ఉన్న డిస్కు నుంచి అది బయటికి రావడానికి అయిదు నిమిషాలు చాలు, నిదానంగా వస్తే పావుగంట. 32 గిగాబైట్ల పెన్ డ్రైవ్‌లో పట్టేస్తుంది. ఆ ఒక్క ఫోల్డరు రాగానే మిగతావి ఆపి, పెన్ డ్రైవ్ తీసి వేరే కంప్యూటరులో పెట్టి, ఎవరైనా ఇద్దరు కూర్చుని నాలుగైదు పాటలను మొదటి నుంచి చివరి దాకా వినండి. ఫైలు పేరు కనిపించినంత మాత్రాన లోపల ఉన్నట్టు కాదు. ఆ తరువాత ఫోటోలు, పెళ్ళి వీడియోలు, పొలం కాగితాలు తీసుకోండి. ఆ 25 గిగాబైట్లను అదే రోజు మరో రెండు పెన్ డ్రైవ్‌లలోకి దించి ఒకటి అక్కయ్యగారికి, ఒకటి చెల్లెలుగారికి పంపండి. అప్పగింతల పాటను మాత్రం ఎంపీ3గా చిన్నది చేసి, ఆ సాయంత్రమే అక్కయ్యగారి ఫోనుకు పంపండి.